‘వస్తే చూపిస్తాను’ అన్న మాటకు హద్దు ఎక్కడ?

యువ న్యాయవాద మిత్రులకు నమస్కారం.

పోలీసుల ఎదుట చేసిన నేరాంగీకారం కోర్టులో చెల్లదన్న సంగతి మన పల్లెల్లో చదువురానివారికి కూడా తెలుసు. అయినా ఏ దొంగతనం కేసు కట్ట విప్పినా, ఇద్దరు మధ్యవర్తుల సంతకాలతో, నిందితుడు స్వచ్ఛందంగా నేరం ఒప్పుకొన్నాడని చెప్పే రెండు మూడు పేజీల పంచనామా కనిపిస్తుంది. చెల్లని మాటను అంత శ్రద్ధగా ఎందుకు రాస్తారన్నదే ఈ రోజు నా ప్రశ్న.

ఈ నిషేధం ఊరికే పుట్టలేదు. శిస్తు వసూలుకూ నేరం ఒప్పించడానికీ మనుషులను హింసిస్తున్నారన్న ఆరోపణలపై మద్రాసు ప్రెసిడెన్సీలో వేసిన కమిషన్ 1855లో నివేదిక ఇచ్చింది. అందులో మన తెలుగు జిల్లాల రైతుల గోడు కూడా ఉంది. 1861 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో చేరిన నిషేధమే 1872 సాక్ష్య చట్టంలో 25, 26 సెక్షన్లుగా స్థిరపడింది. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలో ఆ రెండూ కలిసి 23వ సెక్షన్ అయ్యాయి. పాత 27వ సెక్షన్ దానికి మినహాయింపుగా చేరింది: కస్టడీలో ఉన్న నిందితుడు చెప్పినదాని వల్ల ఏదైనా విషయం బయటపడితే, దానికి నేరుగా సంబంధించిన మాటల మేరకు సాక్ష్యంగా తీసుకోవచ్చు.

ఆ ‘మేరకు’ అన్న మాట బరువెంతో తేల్చిన కేసు గుంటూరు జిల్లాదే. పులుకూరి కొట్టయ్య కేసు ఒక గ్రామంలోని కక్షల నుంచి పుట్టి, బ్రిటిష్ పాలనలో చివరి అప్పీలు కోర్టయిన ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్ళింది. నిందితులలో ఒకడు, అందరం కలిసి కొట్టి చంపామనీ, బల్లెమూ తన కర్రా ఫలానావారి గడ్డివామిలో దాచాననీ, వస్తే చూపిస్తాననీ చెప్పాడు. సర్ జాన్ బ్యూమాంట్ రాసిన తీర్పు దాచిన సంగతీ, చూపిస్తానన్న మాటా ఉంచి మిగిలినదంతా తోసిపుచ్చింది. బల్లెం దొరికినంత మాత్రాన దానితో పొడిచినట్టు రుజువు కాదు. అది ఎక్కడుందో అతనికి తెలుసన్నంతవరకే రుజువు. పొడిచాడని వేరే సాక్ష్యం చెప్పాలి.

తీర్పు వచ్చి ఎనభై ఏళ్ళు కావస్తోంది. పంచనామా మాత్రం ఇప్పటికీ పుట్టుపూర్వోత్తరాలతో మొదలై, పథకం, వాటాలు, పారిపోయిన దారి అన్నీ చెప్పి, చివరి పేరాలో గానీ గడ్డివామి దగ్గరకు రాదు. సాక్ష్యంగా చేరవలసినది ఆ చివరి పేరాయే అయినా, న్యాయమూర్తి కళ్ళు మొదటి పేరా నుంచే చదువుతాయి. ఇక విలేకరుల సమావేశంలో ముసుగు వేసి నిలబెట్టినవాడి ‘ఒప్పుకోలు’ మర్నాటి పేపర్లో చదివేవారికి ఏ సెక్షనూ అడ్డు రాదు.

మేజిస్ట్రేట్ ముందు ఒప్పుకోలు వేరు. ఒప్పుకోనక్కరలేదనీ, ఒప్పుకొంటే అది తనకే వ్యతిరేకంగా పనికివస్తుందనీ ముందే చెప్పాలి; ఒప్పుకోనంటే తిరిగి పోలీసు కస్టడీకి పంపకూడదు. ఇంత జాగ్రత్త అక్కడ ఉంటే, స్టేషన్ గదిలో ఏముంది?

రాజ్యాంగం 22(1) అధికరణ అరెస్టయిన వ్యక్తికి తనకు నచ్చిన న్యాయవాదిని సంప్రదించే హక్కు ఇచ్చింది. ఒడిశా మాజీ ముఖ్యమంత్రి నందినీ సత్పథి కేసులో 1978లో జస్టిస్ కృష్ణయ్యర్, నిందితులు కోరితే విచారణ సమయంలో న్యాయవాదిని కాదనకూడదన్నారు. అయితే పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 38వ సెక్షన్ విచారణలో న్యాయవాదిని కలవవచ్చంటూనే, విచారణ సాగినంతసేపూ కాదని గీత గీసింది. కొన్ని కేసుల్లో కోర్టులు న్యాయవాదిని కంటికి కనిపించేంత దగ్గరలో, మాట వినిపించనంత దూరంలో కూర్చోబెట్టాయి. దెబ్బ పడకుండా ఆపడానికి అది చాలవచ్చు. కాగితం మీద ఏమి రాస్తున్నారో తెలుసుకోవడానికి చాలదు.

2012లో కసబ్ కేసులో సుప్రీంకోర్టు, న్యాయవాది హక్కు సంగతి మొదటిసారి హాజరుపరచినప్పుడే నిందితుడికి మేజిస్ట్రేట్ చెప్పి తీరాలన్నది. మంచి తీర్పే. కానీ హాజరుపరచడానికి చట్టం ఇచ్చిన గడువు 24 గంటలు. మన దగ్గర పంచనామా సాధారణంగా ఆలోపే పూర్తవుతుంది. లాయరున్నాడా అని మేజిస్ట్రేట్ అడిగే సమయానికి, గడ్డివామి పేరా కింద మధ్యవర్తుల సంతకాల సిరా ఆరిపోయి ఉంటుంది.