ఇంట్లో నియాన్ గోబీ పిల్లలు: ముందు తిండి, తర్వాతే గుడ్లు

[తెర మీద: నీలి చారతో చిన్న చేప, తెల్లటి పైపు ముక్క మూతి దగ్గర]

నమస్కారం. విజయవాడలో, మామూలు ఇంట్లో, సముద్రపు చేప గుడ్లు పెట్టి పిల్లలు చేస్తుందా? చేస్తుంది. మన కృష్ణలో దొరికే ఇసుకదొందు కూడా గోబీల కుటుంబమే. ఈరోజు మాత్రం కరీబియన్ వైపు సముద్రాల్లో ఉండే నియాన్ గోబీ గురించి మాట్లాడుకుందాం. వేలెడంత చేప. పెద్ద చేపల ఒంటి మీది పురుగుల్ని ఏరుకు తింటుంది.

గుడ్లు పెట్టించడం పెద్ద పనేం కాదు. నాలుగైదు చిన్న చేపల్ని కలిపి పెంచండి. ఒక జంట కుదిరి మిగతావాటిని తరమడం మొదలుపెట్టగానే, ఆ మిగతావాటిని వేరే ట్యాంకులోకి తీసేయండి. సన్నటి పీవీసీ పైపు ముక్క ఒకటి వేస్తే దాని లోపలి గోడకే గుడ్లు అంటిస్తాయి. మగది కాపలా ఉంటుంది. నీళ్లు 26, 27 డిగ్రీలుంటే వారం అటూ ఇటూగా పొదుగుతాయి. పొదిగే ముందు గుడ్లలో కళ్లు వెండిలా మెరుస్తాయి, అది చూసి పైపును పిల్లల ట్యాంకులోకి మార్చుకోవచ్చు.

[తెర మీద: పచ్చటి నీళ్ల బకెట్, గాలి బుడగలు]

అసలు టెన్షన్ ఇప్పుడు. పుట్టిన పిల్ల 3, 4 మిల్లీమీటర్లుంటుంది. ఒంట్లో పచ్చసొన కొంచెమే. కళ్ల ముందు కదిలే తిండినే పట్టుకుంటుంది. పొడి తిండి వేస్తే అది తినదు, నీళ్లు మాత్రం పాడవుతాయి. దాని నోటికి సరిపోయేది రోటిఫర్, అంటే నీళ్లలో ఈదే, కంటికి సరిగా ఆనని బుల్లి జీవి. ఆర్టీమియా అనే చిన్న రొయ్యలాంటి ఉప్పునీటి జీవి పిల్ల కూడా మొదటి రోజుల్లో దానికి పెద్దదే. గుడ్లు చూశాక రోటిఫర్ కోసం పరిగెత్తితే అప్పటికే ఆలస్యమైపోతుంది. అందుకే జంట కుదిరిన నాడే రోటిఫర్ల కల్చర్, అంటే వాటి పెంపకం, మొదలుపెట్టండి.

రోటిఫర్ ఏం తింటే అదే పిల్లకి చేరుతుంది. ఒట్టి ఈస్ట్ మీద పెంచినవాటిలో చేపకి కావలసిన ఒమేగా-3 కొవ్వులు చాలవు. పిల్లలు కొన్నాళ్లు బాగానే ఉన్నట్టు కనిపించి, రూపం మారే సమయానికి రాలిపోతాయి. నానోక్లోరాప్సిస్ నాచు పెట్టండి. కల్చర్‌ని రెండు బకెట్లలో, వేర్వేరు చోట్ల ఉంచండి. ఒకటి చెప్పాపెట్టకుండా కూలిపోతుంది, ఇది ఈ పనిలో మామూలే.

బాపట్ల తీరంలో రొయ్యల హేచరీల వాళ్లకి ఆర్టీమియా, నాచు రోజువారీ పనే. తెలిసినవాళ్లుంటే వెళ్లి చూసి నేర్చుకోండి. అక్కడి నీళ్లు మాత్రం ఇంటికి తేవద్దు, వాటితోపాటు జబ్బు తెచ్చే విబ్రియో బ్యాక్టీరియా రావచ్చు.

పిల్లల ట్యాంకులో ఫిల్టర్ నీళ్లని జోరుగా లాగకూడదు. గాలి బుడగలు సన్నగా వస్తే చాలు. ఆ నాచే కలిపి నీళ్లు లేత పచ్చగా ఉంచితే రోటిఫర్లకీ తిండి దొరుకుతుంది. రోజూ కొంచెం నీళ్లు మార్చండి, అమోనియా చూసుకోండి. రెండో వారం దాటాక అప్పుడే పొదిగిన ఆర్టీమియాని కొద్దికొద్దిగా కలపండి. రోటిఫర్‌ని ఒక్కసారిగా ఆపేయొద్దు.

[తెర మీద: థర్మామీటర్, టేబుల్ ఫ్యాన్]

ఇక మన ఎండలు. మే నెలలో 40 దాటే ఊరు ఇది. ట్యాంకు మీద ఫ్యాన్ పెడితే కొంత చల్లబడుతుంది, కానీ నీరు ఆవిరై ఉప్పు చిక్కబడుతుంది. తగ్గినంత మేరా ఉప్పు కలపని ఆర్‌ఓ నీళ్లే పోయాలి. ఉక్క రోజుల్లో ఫ్యాన్ అంతగా పనిచేయదు, నీళ్లు చల్లబరిచే చిల్లర్ యంత్రం ఖర్చు అందరూ పెట్టుకోలేరు. నన్నడిగితే దీపావళి దాటాక మొదలుపెట్టడమే మంచిది. కరెంటు పోతే గాలి ఆగకుండా బ్యాటరీ పంపు దగ్గర ఉంచుకోండి.

నెల రోజుల అటూ ఇటూలో పిల్లలకి నీలి చార వస్తుంది, ఈత మాని గోడలకి అంటుకుంటాయి. అప్పుడు మెత్తటి పొడి తిండి అలవాటు చేయొచ్చు. పెరిగేకొద్దీ ఒకదాన్నొకటి తరుముకుంటాయి కాబట్టి పైపు ముక్కలు ఎక్కువగా వేయండి, దెబ్బతిన్నదాన్ని వెంటనే వేరు చేయండి.