ప్లేయర్ పియానోలో పాత జిగురు అతుకులను ఎలా విప్పాలి?

[దృశ్యం: బల్ల మీద, పియానో నుంచి బయటకు తీసిన తిత్తుల వరుసలు]

నమస్కారం. మీరు చూస్తున్నది ప్లేయర్ పియానో, అంటే రంధ్రాలున్న కాగితపు చుట్ట సాయంతో తనంతట తానే మోగే పియానో, లోపలి గాలి యంత్రాంగం. 1900, 1930 సంవత్సరాల మధ్య విరివిగా తయారైన ఈ వాద్యాల్లో సాధారణంగా 88 స్వరాలకు 88 చిన్న తిత్తులు ఉంటాయి. కాగితపు చుట్టలోని రంధ్రం తన స్థానానికి రాగానే ఆ స్వరపు కవాటం తెరుచుకుంటుంది; అప్పుడు కింది పెద్ద తిత్తులు పుట్టించే పీల్పు ఈ చిన్న తిత్తిలోని గాలిని లాగేస్తుంది, తిత్తి ముడుచుకుంటూ పియానో సుత్తిని కదిలిస్తుంది.

ఒక్కో తిత్తి రెండు పలుచని చెక్కముక్కలు, వాటిని చుట్టిన రబ్బరు పూత గుడ్డ, అంతే. గుడ్డ ఏళ్లు గడిచేకొద్దీ బిరుసెక్కి పగులుతుంది కనుక మార్చక తప్పదు. అందుకు తిత్తిని అది అంటుకున్న పెద్ద పలక నుంచి ఊడదీయాలి. ఇక్కడ గుర్తుంచుకోవలసింది ఒక్కటే: విరగవలసింది జిగురు, చెక్క కాదు.

[దృశ్యం: పలక అంచున గట్టిపడిన జిగురు చార]

పనిముట్టు పట్టే ముందు జిగురు ఏదో తేల్చుకోవాలి. ఆ కాలపు కర్మాగారాల్లో ఎక్కువగా వాడినది పశువుల తోళ్లను ఉడికించి తీసిన తోలు జిగురు. ఒక గోరువెచ్చని నీటి చుక్క వేసి కొన్ని నిమిషాలు ఆగితే, తోలు జిగురైతే మెత్తబడి వేలికి అంటుకుంటుంది. తడికి తెల్లబారిందంటే, ఎవరో మధ్యలో మరమ్మతు చేస్తూ నేటి తెల్ల జిగురు పూశారని అనుమానించాలి. దాన్ని మెత్తబరచడానికి వెనిగర్, వేడి కొంతవరకు పనికొస్తాయి కానీ, చెక్క రంధ్రాల్లో మిగిలిన దాని పొర మీద తోలు జిగురు సరిగా పట్టదు. అందుకే పాత వాద్యంలో తెల్ల జిగురు కనిపిస్తే నాకు చికాకు కలుగుతుంది.

తోలు జిగురు ఎండి పెళుసుగా ఉంటే మన అదృష్టం. ప్రతి తిత్తి మీద, దాని చోటు మీద ఒకే సంఖ్య రాసిన తరువాత, పదునైన పలుచని ఉలిని అతుకు గీతలో ఆనించి, కొయ్య సుత్తితో పొట్టిగా, చురుకుగా ఒక దెబ్బ వేస్తే చాలాసార్లు తిత్తి టక్కున విడిపోతుంది. ఉలి చదునైన ముఖం పెద్ద పలక వైపు, వాలు ముఖం తిత్తి వైపు ఉండాలి. చెక్క నార నడిచే దిశలోనే పోవాలి. నారకు ఎదురు వెళితే ఉలి జిగురును వదిలి చెక్కలోకి దిగుతుంది. నష్టం తప్పనిసరైతే అది తిత్తి ముక్కకు జరగనివ్వండి, ఎందుకంటే ఆ ముక్కను కొత్తగా కోసుకోవచ్చు. పెద్ద పలకలో గాలి దారులు పక్కపక్కనే ఉంటాయి. రెండింటి మధ్య చీలిక వస్తే ఒక స్వరపు గాలి పక్క స్వరంలోకి కారుతుంది.

[దృశ్యం: అతుకు గీత వెంట సన్నని కుంచెతో స్పిరిట్]

దెబ్బకు కదలకపోతే అతుకు వెంట కొద్దిగా స్పిరిట్ పాకించవచ్చు. అది జిగురులోని తేమను లాగేసి మరింత పెళుసు చేస్తుంది. అయితే గాలి దారుల లోపల గాలి కారకుండా పూసిన లక్క స్పిరిట్‌లో కరుగుతుంది కనుక చుక్కలతోనే పని కానివ్వాలి, తరువాత ఆ దారులకు మళ్లీ లక్క పూయాలి. అదీ చాలకపోతే, పాత గుడ్డ కోసేసి, తిత్తి ముక్క మీద ఇస్త్రీ పెట్టెను కొంతసేపు ఆనించి, వేడి అతుకు దాకా చేరాక వెడల్పాటి పలుచని కత్తిని నెమ్మదిగా జరపాలి. ఆవిరి పట్టించడం నేను చివరి మార్గంగానైనా సూచించను: జిగురు కరగవచ్చు, కానీ పలుచని పలకలు తడికి ఉబ్బి వంకర తిరుగుతాయి.

ఒక హెచ్చరిక. కొన్ని పాత యంత్రాల్లో గాలి గొట్టాలు సీసంతో చేసినవి. వాటి మీద తెల్లని పొడి కనిపిస్తే గీకకండి, ఊదకండి. ముసుగు, చేతి తొడుగులు ధరించి తడిగుడ్డతో తుడవండి.

ఏ ఉపాయానికీ లొంగని తిత్తులు నాలుగైదు ఉంటాయి. వాటిని అతుకుకు కాస్త పైన, తిత్తి చెక్కలోనే సన్నని రంపంతో కోసేసి, పలక మీద మిగిలిన పొరను గరుకు కాగితంతో సమంగా అరగదీయాలి. ఆ దుమ్ము గాలి రంధ్రాల్లోకి పోకుండా ముందే వాటిని టేపుతో మూసి ఉంచండి.