ఊరూ పేరూ లేని రాయి

దృశ్యం: సిరొంచ దగ్గర ప్రాణహిత ఒడ్డు, పొద్దున పూట. కెమెరా ఇసుక మీదుగా సాగి ఒక చేతిలో ఉన్న రాయి దగ్గర ఆగుతుంది.

స్వరం: ఈ రాయిని ఒకసారి చూడండి. దూరం నుంచి పొయ్యిలో పెట్టే కట్టె అనుకుంటారు. బెరడు గీతలున్నాయి, కొమ్మ విరిగిన గుర్తుంది. చేతిలోకి తీసుకుంటే మాత్రం బండ బరువు. ఒకప్పుడు ఇది చెట్టే. బురదలో పూడిపోయింది, నీళ్లలో కరిగిన సిలికా దీని కణకణంలోకి దిగింది, కట్టె పోయి కట్టె ఆకారంలో రాయి మిగిలింది.

మా ఇంట్లో ఇది పదిహేనేళ్లు తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టిన రాయి.

మాది సిరొంచ తాలూకా, మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లాకు దక్షిణపు కొస. బడిలో మరాఠీ, ఇంట్లో తెలుగు. ప్రాణహిత దాటినా, గోదావరి దాటినా తెలంగాణే. అవతలి గట్టున కాళేశ్వరం.

తెర మీద: పటం. ప్రాణహిత, గోదావరి కలిసే చోటు. కోటా, పోచంపల్లి, యామన్‌పల్లి చుక్కలుగా వెలుగుతాయి.

స్వరం: కోటా మా దగ్గరి చిన్న ఊరు. బస్సులో వెళ్తే ఎప్పుడొచ్చిందో ఎప్పుడు పోయిందో తెలియదు. కానీ జురాసిక్ కాలం గురించి చదివేవాళ్లకు 'కోటా ఫార్మేషన్' బాగా తెలిసిన పేరు. ఇక్కడి రాతి పొరలకు ఆ ఊరి పేరే పెట్టారు. 19వ శతాబ్దంలోనే ఇక్కడి సున్నపురాళ్లలో చేపల శిలాజాలు దొరికాయి. 1960 ప్రాంతంలో కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ నుంచి వచ్చినవాళ్లు సిరొంచ దగ్గరి పోచంపల్లిలో రాక్షసబల్లి, అంటే డైనోసార్ ఎముకలు దాదాపు 300 తీశారు. అందులో తొడ ఎముక ఒక్కటే 1.7 మీటర్లు, మనిషంత ఎత్తు. అందుకే దానికి బారాపాసారస్ అని పేరు. బెంగాలీలో 'బరో పా' అంటే పెద్ద కాలు. తవ్వకం సాగిన రోజుల్లోనే రవీంద్రనాథ్ టాగూర్ శతజయంతి వచ్చింది, ఆయన గుర్తుగా 'టాగోరి' అని చేర్చారు. ఆ అస్థిపంజరం ఇవాళ కలకత్తాలో ఆ సంస్థ మ్యూజియంలో నిలబడి ఉంది. నదికి ఆ పక్క, అప్పటి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన ఇంకో రాక్షసబల్లికి 1988లో కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. దాన్ని హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో చూడొచ్చు.

ఆ రెండో పేరును మళ్లీ వినండి. కోటా, యామన్‌పల్లి. ఆ జంతువు పేరే దాని చిరునామా. నేను చెప్పబోయేదంతా ఈ చిరునామా గురించే.

దృశ్యం: ఇంటి అరుగు. నులక మంచం మీద ఆ రాయి.

స్వరం: కొన్నేళ్ల కిందట ఒక పరిశోధకురాలు మా ఊరొచ్చారు. చెట్ల శిలాజాల మీద పని చేస్తారు, తెలుగు మాట్లాడతారు. మంచినీళ్లకని మా ఇంటి ముందు ఆగారు. కాళ్ల దగ్గర ఈ రాయి కనబడింది. చెంబులో మిగిలిన నీళ్లు దాని మీద పోశారు. తడిస్తే గీతలు తేటగా కనబడతాయి. మెడలోని భూతద్దం పెట్టి చూశారు. ముఖం వెలిగిపోయింది.

"కాకా, ఇదెక్కడ దొరికింది?"

"వాగుల దొరికిందమ్మా," అన్నాడు మా కాక.

"ఏ వాగులో?"

కాక నా వైపు చూశాడు. తెచ్చింది నేనే. అప్పుడు నాకు పదకొండో పన్నెండో. నేనొక వాగు పేరు చెప్పాను, కాదు అక్కడ రాళ్లే లేవన్నాడు కాక. ఆయన ఇంకోటి చెప్పాడు. లోపలి నుంచి అమ్మ మూడో పేరు చెప్పింది. గంట సేపు తేల్చలేకపోయాం. చివరికి కాక, "గా బండల వాగే అనుకుంట" అన్నాడు. ఆమె పుస్తకంలో ఏదో రాసుకున్నారు. తొంగి చూశాను. "స్థలం తెలియదు" అని ఉంది.

నాకు కోపమొచ్చింది. వాగు పేరు చెప్పాం కదా మేడమ్ అన్నాను.

"అనుకుంట అన్నాడు కదా కాక. నేను రాస్తే ఆ 'అనుకుంట' పోతుంది. వాగు పేరు ఒక్కటే మిగులుతుంది. రేపు ఇంకొకరు నా రాత చూసి ఆ వాగులో ఈ చెట్టు ఉండేదని రాస్తారు. వాళ్లను చూసి మరొకరు రాస్తారు" అన్నారు. రాయిని ఎక్కడి నుంచి తీశారో అక్కడే, తలుపు దగ్గర పెట్టేశారు.

పరిశోధనలో నిజాయితీ అంటే ఏమిటని ఎవరడిగినా నాకు ఆ పెన్ను కనబడుతుంది. ఆమెకు ఆ రాయి కావాలి. అది ఆమె ముఖంలోనే తెలుస్తోంది. ఒక్క పదం రాసుకుంటే అడిగేవాళ్లు లేరు. రాయలేదు.

రాసినవాళ్లూ ఉన్నారు.

తెర మీద: హిమాలయాల పటం. ఒక్కో చోట శిలాజం బొమ్మ వెలుగుతుంది.

స్వరం: చండీగఢ్‌లోని పంజాబ్ విశ్వవిద్యాలయంలో విశ్వజిత్ గుప్తా అనే ప్రొఫెసర్ ఉండేవారు. హిమాలయ శిలాజాల మీద పాతికేళ్లలో 300కి పైగా పరిశోధనా పత్రాలు వెలువరించారు. వందమందికి పైగా సహ రచయితలు, అందులో చాలామంది విదేశీ నిపుణులు. 1989లో ఆస్ట్రేలియాలోని మాక్వారీ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ టాలెంట్ 'నేచర్' పత్రికలో ఒక వ్యాసం రాశారు. హిమాలయాల్లో దొరికాయని గుప్తా చూపించిన శిలాజాల్లో కొన్ని అసలు హిమాలయాలవే కావని అందులో చెప్పారు. కొన్ని మొరాకో నుంచి వచ్చిన అమ్మోనాయిడ్లు, అంటే నత్తలా చుట్ట తిరిగిన పురాతన సముద్ర జీవుల గుల్లలు. అలాంటివే పారిస్ దుకాణాల్లో అమ్ముతుంటే టాలెంట్ చూశారు. కోనోడాంట్లనే సూక్ష్మ శిలాజాలైతే అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని ఆమ్స్‌డెల్ క్రీక్ అనే వాగువి.

కోనోడాంట్ల గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే నష్టం ఎంతటిదో అర్థం కాదు. ఇవి పురాతన జలచరాల నోట్లో పళ్లలా ఉండే భాగాలు. ఒక్కొక్కటి మిల్లీమీటరు అటూ ఇటూ. సున్నపురాయిని పలుచటి ఆమ్లంలో కరిగిస్తే అడుగున మిగులుతాయి. వీటి ఆకారం కాలంతో త్వరత్వరగా మారింది కాబట్టి, ఏ రకం కనబడితే ఆ రాయి ఏ కాలానిదో చెప్పేయొచ్చు. పటేల్ పాత పహాణీ తీసి ఈ చెలక ఎవరిదో చెప్పినట్టే. ఇప్పుడు ఆ పహాణీలో ఇంకో తాలూకా కాగితం తెచ్చి కుట్టేస్తే? ఒక్క చెలకతో ఆగదు. దాని హద్దులు చూసి గీసిన పక్క చెలకల హద్దులన్నీ తప్పుతాయి. హిమాలయ పొరల వయసుల విషయంలో జరిగిందదే.

అంతమంది నిపుణులు ఎలా మోసపోయారని నేనూ అనుకున్నాను. జవాబు తేలికే. శిలాజాలు వాళ్ల చేతికొచ్చాయి, ఫలానా చోట దొరికాయన్న మాట కూడా వాటితోనే వచ్చింది. శిలాజం అసలైనదే. దాని జాతి ఏదో వాళ్లు చెప్పింది కూడా సరైనదే. ఎక్కడ దొరికిందన్నది మాత్రం ఒక్క మనిషి మాట. ఆ గుట్ట ఎక్కి చూసొచ్చినవాళ్లు లేరు. విచారణలో ఆరోపణలు రుజువైనా గుప్తా 2002లో రిటైరయ్యేదాకా ఉద్యోగంలోనే ఉన్నారు. నాకు మింగుడుపడనిది ఇదే. చిన్నవాళ్లు ఒక చీటీలో 'తెలియదు' అని రాసి చేతికందినదాన్ని వదులుకుంటారు, అక్కడేమో పాతికేళ్ల అబద్ధానికి కూడా ఉద్యోగం పోలేదు.

దృశ్యం: ఆసుపత్రిలో సీటీ స్కాన్ యంత్రం లాంటి గీత బొమ్మ. లోపలికి రాతి పలక వెళ్తుంది.

స్వరం: ఇప్పుడు యంత్రాలొచ్చాయి కదా, ఇంకెవరు మోసం చేయగలరు అంటారేమో. యంత్రాలు నిజంగానే గొప్పవి. తలకు దెబ్బ తగిలితే తీసే సీటీ స్కాన్‌తోనే, రాయిని పగలగొట్టకుండా లోపలి ఎముకను చూస్తున్నారు. 2010లో చైనా శాస్త్రవేత్తలు, వాళ్ల సహచరులు కలిసి సైనోసారోప్టెరిక్స్ అనే చిన్న రాక్షసబల్లి ఈకల్లో రంగు కణాల ఆనవాళ్లు పట్టుకున్నారు. దాని తోక మీద గోధుమ, తెలుపు చారలుండేవని తేల్చారు. పన్నెండు కోట్ల ఏళ్ల కిందటి తోక రంగు!

ఆ సీటీ స్కాన్ యంత్రమే ఒక మోసాన్నీ బయటపెట్టింది. 1999లో 'నేషనల్ జియోగ్రాఫిక్' పత్రిక ఆర్కియోరాప్టర్ అనే శిలాజాన్ని పక్షికీ రాక్షసబల్లికీ మధ్య లంకె అంటూ గొప్పగా ప్రచురించింది. చైనాలోని లియావోనింగ్ నుంచి దొంగచాటుగా దేశం దాటిన పలక అది. అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో స్కాన్ చేస్తే ముక్కలు అతికించిన సంగతి తెలిసింది. ఒళ్లు ఒక పక్షిది, తోక వేరే జంతువుది. ఆ తోక అసలు యజమాని మైక్రోరాప్టర్ అనే కొత్త జాతి. అదే ఒక పెద్ద ఆవిష్కరణ, జిగురు కింద దాక్కుంది. ముక్కలైన పలక కంటే నిండు పలకకు ధర ఎక్కువ పలుకుతుంది. అందుకే అతికించారు. మా దగ్గర కూడా రాయికి ఇంత ఇస్తామని అడిగేవాళ్లుంటారు, అందుకే ఈ మాట నొక్కి చెబుతున్నాను.

అయితే స్కానర్ అతుకును పట్టగలదు. రాయిలోని ఖనిజాలను పరీక్షించి, ఇది ఫలానా గుట్టది కాదని చెప్పే పద్ధతులూ ఉన్నాయి. కానీ మా తలుపు దగ్గరి రాయిని ఏ యంత్రంలో పెట్టినా, ఏ వాగులో, ఏ గట్టున, ఏ పొరలోంచి నేను పీకానో చెప్పలేదు. అది నా పన్నెండేళ్ల బుర్రలో ఉండాల్సిన సంగతి, పోయింది.

తెర మీద: భీంబెట్కా గుహ గోడ.

స్వరం: పొరపాటుకూ మోసానికీ తేడా చూడాలంటే భీంబెట్కా చూడాలి. మధ్యప్రదేశ్‌లోని ఈ గుహల గోడ మీద ఆకులాంటి అచ్చు ఒకటి చూసి, అది సుమారు 55 కోట్ల ఏళ్ల కిందటి డికిన్సోనియా అనే జీవిదని గ్రెగరీ రిటాలక్ బృందం 2021లో ప్రకటించింది. పేపర్లన్నీ రాశాయి. తర్వాత ఫ్లోరిడా విశ్వవిద్యాలయానికి చెందిన జోసెఫ్ మీర్ట్, మరికొందరు అదే గోడ దగ్గరికి వెళ్లారు. ఆ 'శిలాజం' రాయి నుంచి ఊడి వస్తోంది. పాత తేనెపట్టు మరక అది! 2023లో ఆ సంగతి అచ్చయింది. రిటాలక్ కూడా ఒప్పుకున్నారు.

దీన్ని విని నవ్వేవాళ్లుంటారు. నాకు నవ్వు రాదు. మొదటి బృందం ఏ గుహ, ఏ గోడ అన్నది సరిగ్గా రాసింది కాబట్టే రెండో బృందం నేరుగా అక్కడికి వెళ్లగలిగింది. చిరునామా నిజమైతే తప్పును దిద్దుకోవడానికి దారి ఉంటుంది.

ఇంకోటి, గుజరాత్ కచ్‌లోని పానంధ్రో లిగ్నైట్ బొగ్గు గని. 2005లో అక్కడ దొరికిన వెన్నుపూసలు ఐఐటీ రూర్కీలో ఏళ్ల తరబడి ఉన్నాయి, మొసలివేమో అనుకున్నారు. మళ్లీ పరీక్షించి 2024లో, అది 4.7 కోట్ల ఏళ్ల కిందటి మహాసర్పమని తేల్చి వాసుకి ఇండికస్ అని పేరు పెట్టారు. 27 వెన్నుపూసలు, పొడవు 11 నుంచి 15 మీటర్లని అంచనా. జంతువు విషయంలో మొదట పొరబడ్డారు, ఏ గనిలోదో మాత్రం రాసిపెట్టి ఉంది. లేకపోతే దానికి కాలం ఎక్కడి నుంచి తెచ్చి కడతారు?

తెర మీద: పరిశోధనా పత్రాల మీద ఒకదాని తర్వాత ఒకటి అడ్డగీతలు పడతాయి.

స్వరం: ఇక ఈ రోజుల సంగతి. 2023లో ప్రపంచమంతటా పత్రికలు వెనక్కి తీసుకున్న పరిశోధనా పత్రాలు 10,000 దాటాయి. హిందావి అనే ఒక్క ప్రచురణ సంస్థవే 8,000కి పైగా. డబ్బులిస్తే పత్రం రాసిచ్చే దుకాణాలున్నాయి. 2024 ఫిబ్రవరిలో ఒక పత్రికలో ఎలుక బొమ్మ అచ్చయింది. మిడ్‌జర్నీ అనే, కృత్రిమ మేధతో బొమ్మలు గీసే ప్రోగ్రాంతో చేయించామని రచయితలే రాశారు. అవయవాలు అసాధ్యమైన పరిమాణంలో, వాటి పక్క రాసిన పేర్లు ఏ భాషకూ చెందనివి. నిపుణులు పరిశీలించి అచ్చుకు పంపిన బొమ్మే అది. చదివినవాళ్లు గోల చేస్తే కొద్ది రోజుల్లో తీసేశారు. ఎలుక బొమ్మ చూడగానే తప్పని తెలిసింది. ఎన్నడూ దొరకని ఎముకకు అందమైన ఫొటో తయారుచేస్తే? నా భయం అదీ.

దృశ్యం: వాగు గట్టు. ఫోన్ పట్టుకున్న చేయి.

స్వరం: మన దిక్కు వాగుల వెంట తిరిగే పిల్లలకు, పశువుల కాపర్లకు, ఇసుక తీసేవాళ్లకు చెబుతున్నాను. రాయి వింతగా కనబడితే ముట్టుకోకండి. ముందు దూరం నుంచి ఫొటో, గట్టు మొత్తం కనబడేలా. తర్వాత దగ్గర నుంచి, పక్కన రూపాయి బిళ్ల పెట్టి. బిళ్ల ఉంటే సైజు తెలుస్తుంది. ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి ఉంచండి. రాయి గట్టులోనే ఇరుక్కుని ఉందా, కింద విడిగా పడి ఉందా అన్నది తప్పకుండా రాయండి. విడిగా ఉంటే వరదకు ఎక్కడి నుంచో కొట్టుకొచ్చి ఉండొచ్చు. అడవిలో ఐతే ఫారెస్టువాళ్లకు చెప్పండి, వడధంలో శిలాజాల పార్కు చూసుకునేది వాళ్లే. గుర్తు లేనిది గుర్తు లేదనే చెప్పండి.

దృశ్యం: మళ్లీ ఇంటి తలుపు. రాయికి దారంతో ఒక చీటీ కట్టి ఉంది. చేతిరాత: కట్టె శిలాజం. సిరొంచ తాలూకా. స్థలం తెలియదు.

స్వరం: పోయిన వానాకాలం వెళ్లాక ఒక పొద్దున కాక ఫోన్ చేశాడు. వెనక నీళ్ల చప్పుడు.

"ఏం చేస్తున్నవ్ రా? బండల వాగుల ఉన్న. గట్టు కోసుకపోయింది, లోపట కట్టె లెక్క ఒకటి కనవడ్తంది. నేనైతే చెయ్యి పెట్టలే. నువ్వు ఫోన్ పట్టుకొని జెల్ది రా."