పెద్దమ్మ విమానం

అందరికీ నమస్కారం.

యుంకర్స్ 52 అనే పాత జర్మన్ విమానం ఫొటో చూడగానే చాలామందికి నవ్వు వస్తుంది. ఒంటినిండా ముడతలు, గోదాము కప్పు రేకుల్లా. చక్రాలు లోపలికి ముడుచుకోవు. ముక్కు మీద ఒక ఇంజను, రెక్కకొకటి చొప్పున మరో రెండు. జర్మన్లు దీన్ని ముద్దుగా ‘టాంటె యూ’ అన్నారు. యూ అంటే యుంకర్స్‌కు పొట్టి పేరు. టాంటె అంటే అత్త కావచ్చు, పిన్ని కావచ్చు, పెద్దమ్మ కావచ్చు. మన భాష అలా ఒప్పుకోదు, ఎవరి వైపు అని అడుగుతుంది. నేను పెద్దమ్మ అనే అంటాను.

ఈ విమానాల కంపెనీ పెట్టిన హ్యూగో యుంకర్స్ జర్మనీలోని ఆహెన్‌లో ప్రొఫెసర్. డెసౌలో ఆయనకు గ్యాస్ గీజర్ల ఫ్యాక్టరీ ఉండేది. విమానమంటే కర్రా గుడ్డా అనుకునే 1915లోనే పూర్తిగా లోహంతో ఒకటి చేసి ఎగరేశాడు. పలుచని రేకు ఊరికే వంగిపోతుంది, ముడతలు పెడితే నిలబడుతుంది. అల్యూమినియం మిశ్రలోహంతో చేసిన ఆ ముడతల తొడుగు తర్వాత ఆయన విమానాలకు గుర్తయింది. గాలి ఒరిపిడి పెరిగి వేగం తగ్గడం దానికి చెల్లించిన మూల్యం.

ఎర్న్‌స్ట్ జిండెల్ రూపొందించిన ఈ విమానం 1930లో ఒక్క ఇంజనుతోనే ఎగిరింది. 1932లో మూడయ్యాయి. ఒకటి ఆగినా మిగతా రెండూ 17 మంది ప్రయాణికులను గమ్యం చేర్చాలి. పక్క ఇంజన్లను కొంచెం బయటికి తిప్పి బిగించారు, చూశారా? ఒక పక్కది ఆగిపోతే రెండో పక్కది విమానాన్ని మరీ అడ్డంగా తిప్పేయకుండా ఉండేందుకు. నాకు ఈ విమానంలో అన్నిటికన్నా నచ్చిన పనితనం ఇదే.

1933లో నాజీలు అధికారంలోకి వచ్చి యుంకర్స్ చేతుల్లోంచి కంపెనీని లాక్కున్నారు. 1935లో, తన 76వ పుట్టినరోజు నాడే, ఆయన కన్నుమూశాడు. ఆ మరుసటి ఏడాదే ఆయన విమానాలు స్పెయిన్ తిరుగుబాటు సేనాని ఫ్రాంకో సైనికులను మొరాకో నుంచి స్పెయిన్‌కు మోశాయి. తర్వాత 1941లో గ్రీసు ద్వీపం క్రీట్ మీద జర్మన్ పారాచూట్ దళాలను దింపాయి. రష్యాలోని స్టాలిన్‌గ్రాడ్‌లో చిక్కిన జర్మన్ సైన్యానికి తిండీ మందుగుండూ చేరవేయబోయి 200కు పైగా కూలిపోయాయి, లేదా నేల మీదే ధ్వంసమయ్యాయి. ప్రయాణికుల కోసం పుట్టిన బండి అది.

యుద్ధం ముగిశాక కూడా ఫ్రాన్స్, స్పెయిన్ వీటిని తయారు చేశాయి. స్విస్ వైమానిక దళం 1939లో కొన్న మూడింటిని 1980ల ఆరంభం దాకా వాడింది. ఆ తర్వాత అవి పర్యాటకులను ఆల్ప్స్ మీద తిప్పేవి. 2018 ఆగస్టు 4న వాటిలో ఒకటి పిజ్ సెన్యాస్ శిఖరం దగ్గర కూలి, అందులోని 20 మందీ చనిపోయారు. మిగిలిన రెండూ కొద్ది రోజులకే మళ్లీ ఎగిరినా, అదే ఏడాది నవంబరులో అధికారులు వాటిని ఆపేశారు.