ఆ లీటరు ఏ నీళ్ళు?

(కోనసీమలోని ఒక శివారు గ్రామంలో, ఆరోగ్య మందిరం కొత్త భవనం ప్రారంభ సభలో ఒక విశ్రాంత ఏఎన్ఎం చేసిన ప్రసంగం)

సర్పంచ్‌గారికి, డాక్టరుగారికి, వేదిక మీద పెద్దలకి, ఈ ఎండలో పిల్లల్ని చంకనేసుకుని వచ్చిన తల్లులకి నమస్కారం. పేర్లు చదివితే ఎవరో ఒకరు మిగిలిపోయి నొచ్చుకుంటారు. అందుకని అందరికీ కలిపి ఒకటే దండం.

దేశంలో వచ్చిన ఆరోగ్య సంస్కరణల వల్ల పిల్లలకి ఏం మేలు జరిగిందో పది నిమిషాలు చెప్పమన్నారు డాక్టరుగారు. కాగితం మీద రాసుకొచ్చాను. 2005లో గ్రామీణ ఆరోగ్య మిషన్, ఆశా కార్యకర్తలు. 2013లో బడికీ అంగన్‌వాడీకీ వచ్చి పిల్లల్ని పరీక్ష చేసే బాల స్వాస్థ్య కార్యక్రమం. 2018లో ఆయుష్మాన్ భారత్. అన్నీ వరసగా చెబుదామనుకున్నాను. కానీ ఇందాక ఈ కొత్త భవనంలో కుళాయి తిప్పి చేతులు కడుక్కున్నాను. ఆ వాసన నాకు తెలుసు. కాలువకి నీళ్ళు ఆపేశాక మే నెలలో వచ్చే వాసన. ఇంకా మార్చి నెలే దాటలేదండి. ఆ సంగతి చెప్పకుండా ఈ కాగితం చదవలేను.

నేను ఉద్యోగం చేసిన ఊరు కూడా ఇలాంటి శివారు గ్రామమే. పైనున్న ఊళ్ళన్నీ వాడుకోగా మిగిలిన కాలువ నీళ్ళు మన చెరువులోకి వస్తాయి. ఏప్రిల్లో కాలువ కట్టేస్తే, మళ్ళీ వదిలేదాకా ఆ చెరువే దిక్కు. ఒక మే నెలలో, ఏడాది నిండిన ఆడపిల్లని తల్లి నా దగ్గరికి తెచ్చింది. ఆ నెలలో విరేచనాలు అది మూడోసారి. ఓఆర్ఎస్ పొట్లం చేతిలో పెట్టి, లీటరు నీళ్ళలో కలిపి చెంచాతో పట్టమన్నాను. సాయంత్రం వాళ్ళింటికి వెళ్తే ఆవిడ బిందె వంచి చూపించింది. అడుగున పచ్చగా నాచు. "మందు మీరిస్తున్నారండి, మరి నీళ్ళెవరిస్తారండీ?" అంది. కోపంతో అనలేదు. నిజంగానే అడిగింది.

కాచి చల్లార్చమని చెప్పి వచ్చాను. కట్టెల పొయ్యి మీద, కూలికి పోయే మనిషి, రోజుకి ఎన్ని బిందెలు కాస్తుంది? ఆ పిల్ల బరువు గీత చార్టులో ఆకుపచ్చ నుంచి పసుపులోకి దిగిపోవడం నా చేత్తోనే గీశాను. నెలనెలా విరేచనాలయ్యే పిల్లకి గుడ్డు పెట్టండి, పాలు పట్టండి, ఒంటికి పట్టదు. తల్లులారా, మీ బిడ్డ ఎదగకపోతే మీరు సరిగ్గా పెట్టలేదని ఎవరైనా అంటే తల దించుకోకండి. ముందు బిందెలోకి చూడమనండి.

ఈ మాటే రాసి పైకి పంపాను. నీళ్ళు మా శాఖ కాదన్నారు. నీళ్ళ ఆఫీసుకి వెళ్తే, జబ్బులు మా శాఖ కాదన్నారు. చెరువు నీళ్ళు వడకట్టే ఫిల్టర్ బెడ్‌లో ఇసుక మార్చి ఎన్నేళ్ళయిందో ఎవరికీ గుర్తులేదు. మార్చడానికి పంచాయతీలో డబ్బు లేదన్నారు. గోదారి ఒడ్డున ఉండి, పిల్లల నీళ్ళకి ఇసుక లేదా అండీ? గుడ్డు ఒక శాఖ, మాత్ర ఒక శాఖ, కుళాయి ఒక శాఖ. ఆ పిల్ల పేగు ఏ శాఖ కిందకి వస్తుంది?

సంస్కరణ అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆరోగ్య మిషన్ కింద ఊరి కమిటీకి ఇచ్చిన 10,000 రూపాయలు. ఏడాదికి పదివేలు, ఊరి అవసరాన్ని బట్టి ఊరే ఖర్చు పెట్టుకోవచ్చు. సర్పంచ్‌గారూ నేనూ కలిసి సంతకాలు పెట్టి తీశాం. ఇసుక మార్పించాం, బ్లీచింగ్ కొన్నాం. చాలకపోతే కుర్రాళ్ళు వచ్చి తట్టలు మోశారు. ఆ మే నెలాఖరుకి నా సంచీలో ఓఆర్ఎస్ పొట్లాలు మిగిలాయి. నా సర్వీసులో మే నెలలో పొట్లాలు మిగలడం అదే మొదటిసారి.

ఆసుపత్రి ఖర్చు పెట్టే ఆరోగ్య కార్డులు వద్దంటున్నానని అనుకోకండి. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక మా తమ్ముడి మనవడికి గుండెలో రంధ్రం ఉంటే, పైసా ఖర్చు లేకుండా ఆపరేషన్ అయింది. ఆయుష్మాన్ భారత్ కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా ఇస్తానంది. మంచిదే. అయితే అది ఆసుపత్రిలో చేరాక వచ్చే డబ్బు. విరేచనాల పిల్లకి ఆ కార్డు ఎప్పుడు పనికొస్తుంది? కళ్ళు లోపలికి పోయి, సెలైన్ ఎక్కించాల్సి వచ్చినప్పుడు. అంతదాకా ఎందుకు రానివ్వాలి? అదే ఆయుష్మాన్ భారత్‌లో రెండో సగం ఉంది, దేశమంతా లక్షన్నరకి పైగా ఆరోగ్య కేంద్రాలు. మనం నిలబడ్డ ఈ భవనం ఆ సగంలోదే. జబ్బు రాకుండా చూడడం దీని పని. దీని కుళాయే వాసనొస్తుంటే నాకు కడుపులో తిప్పింది.

టీకాల సంగతి మరిచిపోయాననుకోవద్దు. పల్స్ పోలియో రోజుల్లో ఐస్ బాక్సు ఒళ్ళో పెట్టుకుని గోదారి మధ్య లంకకి పడవ మీద వెళ్ళేదాన్ని. 2014లో పోలియో లేని దేశమని సర్టిఫికెట్ వచ్చినప్పుడు ఒక్కదాన్నే కూర్చుని ఏడ్చాను. 2016లో రోటావైరస్ చుక్కలు దేశంలో ముందుగా వేసిన నాలుగు రాష్ట్రాల్లో మనదొకటి. తప్పకుండా వేయించండి. కానీ ఆ చుక్కలు ఆపేది ఆ ఒక్క వైరస్‌నే. చెరువులో ఉన్న మిగతా క్రిముల్ని ఆపవు. మందు చల్లదనం పోకుండా గోదారి దాటించి లంక పిల్లాడి నోట్లో చుక్క వేసిన ప్రభుత్వం మనది. దానికి నాలుగు లారీల ఇసుక కష్టమంటే నేను ఒప్పుకోను.

సర్పంచ్‌గారూ, కాలువ కట్టేయడానికి ఇంకా కొన్ని వారాలుంది. ఈలోపు చెరువు నిండా నింపించండి, ఇసుక మార్పించండి. నీళ్ళలో క్లోరిన్ ఎంతుందో వారానికోసారి ఈ గోడ మీద రాయించండి. డాక్టరుగారూ, మీ విరేచనాల లెక్క దాని పక్కనే రాయండి. రెండూ ఒకే గోడ మీద ఉండాలి, తల్లులు చదువుకుంటారు.

అర్జీ రాసే తెచ్చాను. అంగన్‌వాడీ టీచరుగారి దగ్గర ఉంది. టీ ఇచ్చేలోపు సంతకాలు పెట్టండి. సంతకం రానివాళ్ళకి స్టాంప్ ప్యాడ్ కూడా తెచ్చాను.