రిపోర్ట్ కన్నా ముందు క్యాలెండర్ చూడుండ్రి

నమస్కారమండి, అందరు మంచిగున్నరా? చాయ్ తాగుతున్నరో, పంజాగుట్ట ట్రాఫిక్‌ల ఇరుక్కున్నరో, జర ఇటు చెవి పెట్టుండ్రి. నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని, ఇరవై ఏండ్ల పైనుంచి ఇదే పని, సూది గుచ్చుడు, రక్తం తీసుడు, కిట్ మీద గీతలు చూసుడు. ఇయ్యాల హెచ్ఐవీ టెస్ట్ గురించి మాట్లాడుకుందాం. పక్కన ఎవరన్న ఉన్నరని సౌండ్ తగ్గియ్యకుండ్రి, ఇందుల దాచేదేం లేదు.

మొన్న ఒక పిలగాడొచ్చిండు, మాదాపూర్‌ల జాబ్. బ్యాగులకెల్లి ఐదు రిపోర్టులు తీసి టేబుల్ మీద పేకముక్కల లెక్క పరిచిండు. ఐదింట్ల కూడా నాన్ రియాక్టివ్, అంటే హెచ్ఐవీ ఆనవాలు దొరకలేదు అనే ఉంది. మరి ఎందుకు పరేషాన్ అంటే, "సార్, మొదటి దాంట్ల 0.09 ఉండె, మూడో దాంట్ల 0.14, ఇప్పుడు 0.21 వచ్చింది, పెరుగుతుంది సార్" అంటుండు, గొంతు వణుకుతుంది పాపం. ఆ నంబర్ షుగర్ లెక్క, బీపీ లెక్క కాదు. పక్కనే కట్ ఆఫ్, అంటే హద్దు, 1.00 అని రాసి ఉంటది, ఎవరూ చూడరు. దాని కింద ఉంటే 0.09 అయినా 0.21 అయినా ఒకటే, నాన్ రియాక్టివ్. ఇప్పుడు మీరు రేడియో ట్యూన్ చేస్తున్నప్పుడు స్టేషన్ లేని కాడ కూడా గర్ర్‌మని సౌండ్ వస్తది కదా, ఒకసారి ఎక్కువ వస్తది ఒకసారి తక్కువ వస్తది, అంతమాత్రాన అక్కడ స్టేషన్ ఉన్నట్టా? గంతే. పైగా మెషిన్ మారితే నంబర్ మారుతది, ఆ పిలగాడు ఐదు టెస్టులు మూడు ల్యాబుల్ల చేపిచ్చిండు మరి.

"సోకిందేమో అని నువ్వు భయపడుతున్న ఆ రోజు నుంచి ఎన్ని రోజులైంది బిడ్డా?" అనడిగిన. నాలుగున్నర నెలలట. "మొదటి టెస్ట్ ఎప్పుడు చేపిచ్చినవ్?" అంటే, "తెల్లారే సార్" అన్నడు.

ఇగో ఇక్కడే ఉంది అసలు ముచ్చట. తెల్లారి చేపిస్తే ఏం కనపడదు. వైరస్ ఒంట్లకు వచ్చినంక దాని మీద కొట్లాడెటందుకు మన ఒళ్లు యాంటీబాడీలు తయారు చేసుకోవాలె, కిట్ చూసేది వాటినే, దానికి టైం పడ్తది, ఆ టైంనే విండో పీరియడ్ అంటరు. ఇప్పుడు ల్యాబుల్ల నరం నుంచి రక్తం తీసి చేసే ఫోర్త్ జనరేషన్ టెస్ట్ ఉంది, అది యాంటీబాడీలతో పాటు వైరస్‌ల ఉండే పీ24 అనే ముక్కను కూడా పట్టుకుంటది, అందుకే అది జల్ది చెప్తది, 45 రోజులు దాటినంక నాన్ రియాక్టివ్ వచ్చిందంటే నమ్మొచ్చు. వేలు గుచ్చి చేసే రాపిడ్ కిట్ అయితే 90 రోజులు ఆగాలె. మధ్యల మళ్ల ఏం జరగలేదు అనుకుంటే, ఆ తేదీ దాటినంక ఒక్క టెస్ట్ చాలు. ఆరో టెస్ట్ ఐదో టెస్ట్ కన్నా ఎక్కువ నిజం చెప్పదు, పైసలు మాత్రం అన్నే తీసుకుంటది. అందుకే నేనంట, రిపోర్ట్ చూసే ముందు క్యాలెండర్ చూడుండ్రి అని.

ఇగ జ్వరం సంగతి. ఆ పిలగానికి మధ్యల జ్వరమొచ్చిందట, గొంతు నొప్పి, మెడ కాడ గడ్డ. వానకాలం మన హైదరాబాద్‌ల జ్వరం రానోడు ఎవడు చెప్పుండ్రి, డెంగ్యూ, వైరల్, ఇంటికొకరు. కొత్తగ హెచ్ఐవీ సోకినోళ్లల్ల కొందరికి రెండు నుంచి నాలుగు వారాలల్ల గట్ల జ్వరం రావొచ్చు, కొందరికి ఏమీ రాదు, లక్షణాలు చూసి ఉందని చెప్పలేం లేదని చెప్పలేం, టెస్ట్ ఉన్నదే అందుకు. మెడ గడ్డను రోజుకు యాభైసార్లు ఒత్తి చూస్తే అది నొప్పి పుట్టక ఏమైతది? రాత్రి రెండింటికి ఫోన్‌ల వెతుకుడు కూడా గసొంటిదే, ఒత్తినకొద్ది వాస్తది.

రియాక్టివ్ వస్తే ఎట్ల? ఒక్క కిట్ల రియాక్టివ్ వచ్చినంత మాత్రాన అయిపోయినట్టు కాదు, అప్పుడప్పుడు ఉత్తగనే కూడా వస్తది. అందుకే సర్కార్ దవాఖానల హెచ్ఐవీ టెస్ట్, కౌన్సెలింగ్ చేసే ఐసీటీసీ సెంటర్‌ల మూడు వేరే వేరే కిట్లతోని చూసినంకనే పాజిటివ్ అని చెప్తరు, కౌన్సెలర్ కూసోబెట్టి మాట్లాడ్తది. నిజంగ పాజిటివ్ అయితే మందులు ఫ్రీ, మన గాంధీల, ఉస్మానియాల హెచ్ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్లున్నయి. చానామందికి రోజుకు ఒక్క గోళీ. సరిగ్గ వాడి వైరస్ టెస్టుల కనపడనంత తగ్గి, అట్లనే ఉంటే, సెక్స్ ద్వారా వేరేటోళ్లకు సోకదు, పెండ్లిళ్లు చేసుకుంటున్నరు, పిల్లల్ని కంటున్నరు. నేను ఈ పనికొచ్చిన కొత్తల ఈ మాట చెప్తే ఎవరూ నమ్మకపోతుండె.

ఆఫీసుల తెలుస్తదేమో అని ఇంకో భయం. 2017ల హెచ్ఐవీ మీద చట్టం వచ్చింది, 2018 సెప్టెంబర్ నుంచి అమలైతుంది, మీరు ఒప్పుకోకుండ టెస్ట్ చేయొద్దు, మీ రిజల్ట్ బయటికి చెప్పొద్దు, ఈ టెస్ట్ చేపిచ్చుకొస్తెనే జాబ్ ఇస్తం అనొద్దు. డౌటుంటే హెచ్ఐవీ హెల్ప్‌లైన్ 1097కి కొట్టుండ్రి, టోల్ ఫ్రీ.

తేదీ దాటి టెస్ట్ అయినంక కూడా నిద్ర పడ్తలేదు, ఇంకో టెస్ట్, ఇంకో టెస్ట్ అనిపిస్తుందంటే, ఆ భయానికే మందు కావాలె, రక్తానికి కాదు. ఎర్రగడ్డ మానసిక దవాఖాన పేరెత్తితే మనోళ్లు నవ్వుతరు, నవ్వనీయుండ్రి, మానసిక డాక్టర్‌కు చూపిచ్చుకునుడు తప్పేం కాదు. మనసు బాగలేనోళ్ల కోసం సర్కార్ హెల్ప్‌లైన్ టెలీ మానస్ అని 14416 నంబరుంది, ఇంట్ల కూసోని మాట్లాడొచ్చు. ఆ పిలగానికి నేను సూది గుచ్చలే, ఈ నంబర్ రాసిచ్చిన. ఇంకోటి, ఎవరికన్న ఒక్కరికి చెప్పుమన్న. ఎవరికీ చెప్పలేదట, నాలుగున్నర నెలలు.

ఇంత నీతులు చెప్తున్న గాని నా కథ కూడా వినుండ్రి. పదేండ్ల కింద వాడిన సూదికి మూత పెట్టబోయి వేలుకు గుచ్చుకున్న. చేయొద్దని పదిమందికి చెప్పేటోన్ని నేనే. పేషెంట్ పాజిటివ్ అని తెలుసు. గంట లోపలనే సోకకుండ ఆపే మందు మొదలువెట్టిన, అది 72 గంటల్లోపే మొదలువెట్టాలె, ఎంత జల్ది అయితే అంత మంచిది, 28 రోజులు వాడాలె. సూది గుచ్చుకుంటే సోకే ఛాన్స్ వెయ్యిల మూడు, అది మందు వాడకపోతే సంగతి. అన్నీ నాకు తెలుసు, పుస్తకం తెరవకుండ చెప్పగల్గుత, అయినా రాత్రిపూట లేచి అద్దంల నాలుక చూసుకున్న. ఇంట్ల మా ఆమెకు చెప్పెతందుకు పదకొండు రోజులు పట్టింది.

ఆఖరి టెస్ట్ రోజు కిట్ నేనే చూసుకోవాలంటే చేతగాలే. మాతోని పనిచేసే పిల్లను చూడుమన్న. ఇరవై నిమిషాలు గోడ దిక్కు తిరిగి నిలవడ్డ. "నాన్ రియాక్టివ్ అన్నా" అన్నది. నేను తిరగకుండనే, "సి గీత వచ్చిందా, సరిగ్గ చూడు, అది రాకపోతే కిట్టే చెల్లదు" అన్న.

"ఆ గీత చూడుడు నాకు నేర్పింది నువ్వే గదనే" అని ఒక్కటే నవ్వు.