శని మీద నిలబడేదెక్కడ?

అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకు, మిత్రులకు నమస్కారం. నా పరిచయమే చాలాసేపు నడిచింది, నేరుగా విషయంలోకి వస్తాను.

నాకిచ్చిన అంశం ‘గ్రహాలపై గురుత్వం’. పట్టిక చదివేసి దిగిపోవచ్చు. గురుత్వ త్వరణం సెకను వర్గానికి మీటర్లలో భూమి మీద 9.8, చంద్రుడి మీద 1.62, గురుడి మీద 24.8. అయిపోయింది! కానీ నా గొడవంతా ఆ పట్టికతోనే. దాని పక్కనే ‘పెద్ద గ్రహం, ఎక్కువ బరువు’ అని పిల్లలకు నేర్పేస్తున్నాం.

ఒక్క ప్రశ్న. శని ద్రవ్యరాశి భూమికి 95 రెట్లు. అక్కడ మన బరువు ఎన్ని రెట్లవుతుంది? యాభై దాటుతుందనేవాళ్లు చేతులెత్తండి. అబ్బో, ముందు వరుసలోనే ఇంతమందా! శని గురుత్వం 10.4. అంటే ఇంచుమించు మన బరువే. కేంద్రానికి దూరమయ్యేకొద్దీ లాగుడు ఆ దూరపు వర్గం లెక్కన తగ్గుతుంది. శని వ్యాసార్థం భూమికి తొమ్మిదిన్నర రెట్లు, దాని వర్గంతో భాగిస్తే ఆ 95లో మిగిలేది ఒకటికి కాస్త పైన, అంతే. యురేనస్ అయితే భూమికి పద్నాలుగు రెట్లు పైగా ద్రవ్యరాశి ఉండీ మనకంటే తక్కువగానే లాగుతుంది. కుజుడి ద్రవ్యరాశి బుధుడికి దాదాపు రెట్టింపు, అయినా రెండింటి మీదా 3.7. బుధుడు చిన్నవాడే గానీ లోపలంతా ఇనుము, గట్టిపిండం.

అంతదాకా ఎందుకు, భూమి మీదే ఒక్క లెక్క లేదు. ఈ కథ చెప్పకుండా నేను ఏ వేదికా దిగను. 1672లో ఫ్రాన్స్ నుంచి జాన్ రిషే అనే ఖగోళ శాస్త్రవేత్త దక్షిణ అమెరికాలోని కాయెన్ వెళ్లాడు, భూమధ్యరేఖకు దగ్గర. పారిస్‌లో సరిగ్గా నడిచిన లోలకం గడియారం అక్కడ రోజుకు రెండున్నర నిమిషాలు వెనకబడింది. గురుత్వం తగ్గితే లోలకం నెమ్మదిస్తుంది మరి, దాని పొడవు తగ్గించాల్సి వచ్చింది. భూమి తిరుగుడు, నడుము దగ్గర ఉబ్బు, రెండూ కలిసి చేసిన పని అది. ధ్రువాల దగ్గర 9.83, మధ్యరేఖ దగ్గర 9.78. ఇంత చిన్న తేడాను ఒక గడియారం పట్టేసింది, చూడండి!

చీటీ అందింది, ముగిస్తాను. ‘చంద్రుడి మీద గురుత్వమే లేదు’ అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 1971లో అపోలో 15 వ్యోమగామి డేవిడ్ స్కాట్ అక్కడ సుత్తినీ ఈకనూ ఒకేసారి వదిలాడు. రెండూ కలిసే నేల మీద పడ్డాయి. గురుత్వం లేకపోతే పడేవేనా?

ఇంకొక్క మాట. శని మీద మనిషి తూకం యంత్రం ఎక్కినట్టు బొమ్మలు వేస్తున్నారు. అక్కడ నేల ఏదండీ? ఆ 10.4 వాయువుల మధ్య, పీడనం ఒక బార్, అంటే ఇంచుమించు మన నేల మీది గాలి పీడనమంత, ఉన్న ఎత్తుకు కట్టిన లెక్క. పట్టికలు అచ్చువేసేవారు ఆ సంగతి కింద రాయండి, ద్రవ్యరాశి పక్కన వ్యాసార్థానికీ ఒక గడి ఇవ్వండి. మిగతా లెక్క పిల్లలే కట్టుకుంటారు.